పక్క బొమ్మలో పద్నాలుగు తూటాలు

రైటరు గారి కుర్చీకి ఎడమచెయ్యి ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన కుడిచెయ్యి మీద ఇరవై రెండేళ్ళుగా మోచెయ్యి ఆని ఆని ఒక గుంట పడింది. ఆ గుంట ఇంకెవరి మోచేతికీ నప్పదు. ఆయన సెలవు పెట్టిన నాడు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు సాయంత్రానికి భుజం పట్టేసి, మెడ ఒక పక్కకు వాల్చుకుని ఇంటికి పోయేవారు.

పోలీసు స్టేషన్‌కు వచ్చినవాళ్ళ గోడు విని కాగితం మీద పెట్టే ఉద్యోగిని రైటరంటారు. అలాంటివాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. వాళ్ళు రాసింది చదివితే గోడు తెలుస్తుంది, అంతే. ఈయన రాసింది వింటే, చెప్పుకున్న మనిషికే తన గోడు మొదటిసారి అర్థమయ్యేది. సైకిలు పోయిందని వచ్చిన పాలవాడు తన ఫిర్యాదు తనకు చదివి వినిపించగానే కళ్ళు తుడుచుకుని, ఇంత ఘోరం జరిగిందని నాకే తెలీదు బాబూ అన్నాడు.

ఆయన తండ్రి అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. కొడుకు రాతలో తలకట్టు వంకరపోతే వేలికణుపు మీద స్కేలుతో ఒకటి, కొమ్ము సాగితే రెండు. ఆ శిక్షాస్మృతి పుణ్యమా అని కుదిరిన దస్తూరీ ఎలాంటిదంటే, దాని కింద సంతకం పెట్టడానికి పై అధికారులు జంకేవారు, కాగితం పాడవుతుందని.

అయితే పోలీసు ఉద్యోగానికి కలం ఒక్కటే చాలదని ప్రభుత్వం వారి అభిప్రాయం. నడుముకు బెల్టు కట్టిన ప్రతివాడూ ఏడాదికోసారి ఫైరింగ్ రేంజికి వెళ్ళి పిస్టల్ పేల్చి చూపించాలి. ఇరవై అయిదు మీటర్ల దూరంలో చెక్కకు అంటించిన కాగితం మీద నల్లటి మనిషి బొమ్మ ఉంటుంది. చేతికి ఇరవై తూటాలిస్తారు. పద్నాలుగు బొమ్మలో పడాలి. పడకపోతే వారం గడువిచ్చి మళ్ళీ రమ్మంటారు. అప్పుడూ పడకపోతే, ఈ మనిషి ఆయుధం ముట్టడానికి తగడని తేల్చి, ఊరి చివర పట్టుబడిన బళ్ళు పడేసే దొడ్డికి కాపలా పంపుతారు.

ఆ దొడ్డిలో తుప్పు పట్టిన మోటారు సైకిళ్ళు, అద్దాల్లేని లారీలు, వాటి కింద కాపురముండే కుక్కలు, ఒక రేకుల షెడ్డు. బల్ల లేదు. బల్ల అవసరమూ లేదు. నెలకోసారి బళ్ళు లెక్కపెట్టి పుస్తకంలో ఒక అంకె వెయ్యాలి. పోయిన నెల ఏ అంకె వేశారో ఈ నెలా అదే. రైటరు గారు ఒకసారి పనిమీద అక్కడికి వెళ్ళి, ఆ పుస్తకం తెరిచి, నూట పన్నెండు అన్న అంకె పుట పైనుంచి కిందిదాకా నిలువునా దిగిపోవడం చూశారు. ఇంటికొచ్చాక రెండు రోజులు ఆయనకు అన్నం సయించలేదు.

మొదటి పదకొండేళ్ళు ఆ పరీక్ష అంటే ఆయనకు భయం లేదు. అప్పట్లో అది కాగితం మీదే జరిగేది. ఆ కాగితం రాసేది ఆయనే. తన మీద తాను పక్షపాతం చూపించుకున్నాడన్న అపవాదు రాకుండా, తనకెన్నడూ పదహారుకు మించి వేసుకోలేదు. ఇంత నిష్ఠగా నడుస్తున్న వ్యవస్థ మీద ఎవరి కన్ను పడిందో, ఇకనుంచి అందరూ రేంజికి వెళ్ళి నిజంగానే పేల్చాలని ఉత్తర్వు వచ్చింది.

మొదటిసారి సాధన కోసం వెళ్ళిన రోజున ఆయన ఇరవై తూటాలూ పేల్చి, బొమ్మ దగ్గరకు నడిచి వెళ్ళి చూసుకుంటే నాలుగు బొక్కలున్నాయి. ఆ నాలుగూ ఎడమపక్కన నిలబడి పేల్చినవాడు జాలిపడి వేసినవని తరవాత తెలిసింది. ఆ పక్కవాడు అదే స్టేషన్లో గస్తీ తిరిగే హెడ్డు కానిస్టేబులు. మనిషి గట్టివాడు, మీసం ఇంకా గట్టిది. కాని అక్షరమంటే వణుకు. అతను స్వహస్తాలతో రాసిన నివేదికను చదివి, దొంగను వదిలేసి ఇతన్ని లోపల వేద్దామా అని ఇన్‌స్పెక్టరు ఒక పూటంతా ఆలోచించాడట.

ఆ సాయంత్రం అతను టీ పట్టుకుని రైటరు గారి బల్ల దగ్గరకొచ్చాడు. "తమ్ముడూ, రేపు నీ బొమ్మ సంగతి నాకొదిలెయ్. నువ్వు మాత్రం నా కుడిపక్కనే నిలబడి, ఇవాళ పేల్చినట్టే పేల్చు. ఏమీ మార్చకు," అన్నాడు.

మర్నాడు రైటరు గారి బొమ్మలో పద్నాలుగు తూటాలున్నాయి. ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆశ్చర్యమేమంటే, అన్ని దానం చేసిన ఆ మహానుభావుడి బొమ్మలో కూడా ఇరవైకి ఇరవై ఉన్నాయి. వచ్చిన ఇరవైలో పద్నాలుగు పంచిపెట్టిన వాడికి ఇరవై ఎలా మిగిలాయని రైటరు గారు అడగలేదు. కృతజ్ఞతలో మునిగినవాడికి తీసివేతలు గుర్తుండవు. అధికారులు ఆ గస్తీ హెడ్డుకు ఒక పతకమిచ్చారు, జనం డేగ అన్న పేరిచ్చారు, రైటరు గారు తన కలాన్ని ఇచ్చారు. ఆనాటినుంచి డేగ రాయవలసిన నివేదికలన్నీ ఆయనే రాశారు. పదకొండేళ్ళు రాశారు. ఆ నివేదికల్లో డేగ దొంగను తరిమిన తీరు చదివి, ఇలాంటివాడు మన దగ్గర ఉన్నాడా అని పై ఆఫీసుల్లో చెప్పుకునేవారట.

ఈ ఏడు రేంజికి కొత్త శిక్షకురాలు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, మెడలో ఈల, మాటలో మర్యాద, చూపులో మాత్రం ఏ మర్యాదా లేదు. వచ్చిన మొదటి పనిగా ఒక టోపీలో చీటీలు వేసి, ఎవరు ఏ బొమ్మ ముందు నిలబడాలో లాటరీ తీయించింది. రైటరు గారికి మూడో బొమ్మ వచ్చింది. డేగకు ఎనిమిదోది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపు, రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద ఉండిపోయిన సామానును చూసే చూపు.

ఈల మోగింది. కాల్పులు ఆగాక బొమ్మల దగ్గరకు నడిచారు. రైటరు గారి బొమ్మ అచ్చాఫీసు నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క బొక్క లేదు. ఎడమపక్క రెండో బొమ్మ ముందు నిలబడ్డ డ్రైవరు కానిస్టేబులు మాత్రం ఆనందంతో బొంగురుపోయి, తనకు ఇరవై తొమ్మిది వచ్చాయని అందరికీ చెబుతున్నాడు. ఇరవై తూటాలకు ఇరవై తొమ్మిది బొక్కలేమిటయ్యా అంటే, ఈసారి మనసు పెట్టి కొట్టానన్నాడు.

శిక్షకురాలు రెండో బొమ్మ ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడింది. పదిహేను బొక్కలు విత్తనాలు చల్లినట్టు ఇక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. పద్నాలుగు మాత్రం ఎడమ రొమ్ము మీద ఒక అరచేతి మేర గుత్తిగా ఉన్నాయి. ఆమె రైటరు గారిని పిలిచి, రెండు చేతులూ చాచి అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి జెండా కర్రను చూడమంది. ఒక కన్ను మూయించింది, తరవాత రెండోది మూయించింది. ఆయన ఎడమకన్ను మూయగానే జెండా కర్ర మాయమైపోయింది.

"రైటర్ గారూ, మీ చెయ్యి కుడిది, పెత్తనం ఎడమకన్నుది," అంది ఆమె. "అందుకే మీ తూటాలన్నీ ఒక బొమ్మ ఎడమకు పోతున్నాయి. మీకు గురి లేదని ఎవరన్నారు? ఈ రేంజిలో అందరికంటే మీకే బాగుంది. వేరేవాళ్ళ బొమ్మ మీద ఉంది, అంతే."

ఆ మాటకు అందరూ నవ్వారు, ఆయన తప్ప. ఆయనకు ఎనిమిదో బొమ్మ లెక్క వినిపించింది. డేగకు పదకొండు. పదకొండేళ్ళలో మొదటిసారి డేగ తప్పాడని రేంజంతా గుసగుసలు పోయింది. ఎండ కళ్ళలో పడిందన్నారు కొందరు. ఎవరి దిష్టో తగిలిందన్నారు ఇంకొందరు. రైటరు గారు మాత్రం పదకొండేళ్ళ కిందట మరిచిపోయిన ఆ తీసివేతను అప్పుడు మొదలుపెట్టారు.

రేకుల పందిరి కింద బెంచీ మీద డేగ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రైటరు గారు వెళ్ళి పక్కన కూర్చుని, వాంగ్మూలం తీసుకునే గొంతుతో అడిగారు.

"అన్నా, మొట్టమొదట సాధన రోజున నువ్వు నా బొమ్మలో ఎన్ని వేశావు?"

"నాలుగు."

"అంటే నీ దాంట్లో పదహారుండాలి."

"ఉండాలి."

"ఎన్నున్నాయి?"

డేగ బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "ఇరవై ఏడు, తమ్ముడూ."

"అప్పుడే తెలిసిందన్నమాట."

"తెలీకేం. నేను రాయలేనుగాని లెక్కపెట్టగలను."

ఆ తరవాత జరిగిన సంభాషణలో కొంత భాగం కాగితానికి ఎక్కదగినది కాదు. ఎక్కదగిన భాగంలో రైటరు గారు చెప్పిందేమంటే, పదకొండేళ్ళు నా తూటాలతో పతకం కొట్టేసి, దానికి నాచేతే నీ నివేదికలు రాయించుకున్నావు, అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే విన్నాను, అత్తకే దానం చేసి దండం పెట్టించుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను అని. డేగ అంతా విన్నాడు. విని నిదానంగా అన్నాడు:

"నేను మాత్రం ఏటా నీకు పద్నాలుగు వెయ్యలేదా? ఒక్క ఏడు ఎగ్గొట్టానా? పతకం ఇప్పుడే తెచ్చి ఇస్తా. కుర్చీ నువ్విస్తావా?"

కుర్చీ మాట ఎత్తగానే రైటరు గారి కోపం రెట్టింపయింది. ఆ వారమంతా ఆయన డేగతో మాట్లాడలేదు. డేగ తెచ్చి పెట్టిన కాగితాల కట్టను ముట్టకుండా, దాని మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే రాయిని మాత్రం పెట్టారు.

కోపం సంగతి ఎలా ఉన్నా దొడ్డి సంగతి ఉండనే ఉంది. శిక్షకురాలు వైద్యం తేలికగానే చెప్పింది. పేలిన బొమ్మల బొక్కల మీద అతికించే తెల్లకాగితం బిళ్ళలు రేంజిలో కొల్లలు. అందులో ఒకటి తీసి రైటరు గారి కళ్ళజోడు ఎడమ అద్దానికి అంటించి, పిస్టల్ పట్టినప్పుడల్లా ఇలాగే ఉండాలంది. ఆయన అదే కళ్ళజోడుతో ఇంటికొచ్చి, గోడకు వేలాడే క్యాలెండర్‌లోని ఒక ఆదివారాన్ని ఎంచుకుని, అన్నం గరిటెను రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి గురిచూడడం మొదలుపెట్టారు.

ఆయన భార్య వీధిలో వాళ్ళకు జాకెట్లు కుడుతుంది. మొదటి రోజు ఊరుకుంది. రెండో రోజు మిషను ఆపి, "ఏమండీ, ఆ ఆదివారం మీకేం చేసింది?" అని అడిగింది. ఆయన జరిగిందంతా చెప్పుకున్నారు. పదకొండేళ్ళ మోసమంతా వరస తప్పకుండా, పేరాలు విడగొట్టి, మధ్యలో ఆవేదనకు తావిచ్చి చెప్పుకున్నారు. ఆమె అంతా విని, సూదిలో దారం ఎక్కిస్తూ ఒక్క ముక్క అంది. "ఇద్దరూ ఎవరి బొమ్మ వాళ్ళు కొట్టుకుని, ఎవరి రాత వాళ్ళు రాసుకుని ఉంటే ఇద్దరూ మొదటి ఏడే దొడ్డిలో ఉండేవాళ్ళు." తరవాత చెయ్యి వణక్కుండా ఉండాలంటే భుజం కాదు, మడమ గట్టిగా ఆనించాలని చెప్పి, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ సలహా రైటరు గారికి పిస్టల్ విషయంలో పనికొచ్చింది. మొదట అన్న ముక్క మాత్రం ఆ వారమంతా పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

వారం గడిచింది. తప్పినవాళ్ళు ఇద్దరే కనుక రేంజిలో రెండే బొమ్మలు పెట్టారు. ఎడమ బొమ్మ ముందు డేగ, కుడి బొమ్మ ముందు రైటరు గారు. మధ్యలో శిక్షకురాలు ఈల పట్టుకుని నిలబడింది. మొదట పది, లెక్క చూశాక మరో పది పేల్చాలంది. డేగ మీసం కొంచెం కిందికి దిగినట్టు రైటరు గారికి అనిపించింది. అది తన కంటి మీది కాగితం మహిమేమోనని సరిపెట్టుకున్నారు.

మొదటి పది పేలాయి. రైటరు గారి బొమ్మలో పదికి పది. గుత్తిగా, ముద్దగా, బొమ్మ రొమ్ము మీద. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆయన బొమ్మకు ఆయన చేతిమీదుగా తగిలిన మొదటి గాయాలవి. ఆయన వాటిని చూస్తూ కొంచెంసేపు వినయంగా నిలబడ్డారు. డేగ బొమ్మలో ఆరు.

అంటే డేగకు మిగిలిన పదిలో ఎనిమిది పడాలి. పదిలో ఆరు కొట్టిన చెయ్యి ఎనిమిది కొట్టడం కల్ల. డేగ మాట్లాడలేదు, అడగలేదు, ఇటువైపు చూడనైనా లేదు. అడిగి ఉంటే రైటరు గారి పని తేలికయ్యేది, ఠక్కున లేదనేవారు. అడగని మనిషికి లేదని ఎలా చెప్పడం?

రెండో ఈలకు ముందు ఆయన బుర్రలో లెక్క నడిచింది. తనకు కావలసింది ఇంకా నాలుగు. తరవాతి ఆరూ వేసినా వెయ్యకపోయినా ఒకటే. డేగ ఆందోళనలో ఎంత పాడుచేసినా నాలుగు కొడతాడు. ఆ నాలుగుకు తన ఆరు కలిస్తే పది. పది తూటాలకు పది బొక్కలు. ఎవరు చూసినా వేలెత్తి చూపడానికి వీల్లేని అంకె. కాని తన నాలుగులో ఒక్కటి తప్పినా తాను దొడ్డికి. అక్కడ కుక్కలు, రేకుల షెడ్డు, నూట పన్నెండు.

ఇదంతా స్నేహమని ఎవరైనా అంటే ఆయన ఒప్పుకోరు. ఇన్నాళ్ళూ ఎవరు ఎవరిని మోశారో ఇద్దరిలో ఒకరికే తెలుసు. ఈసారి ఇద్దరికీ తెలిసేలా మొయ్యాలి, ఆ తెలియడం వాడి గొంతులో జన్మంతా అడ్డం పడి ఉండాలి, అదీ ఆయన ఉద్దేశం. మనిషిని జన్మంతా సాధించాలంటే ముందు వాణ్ణి స్టేషన్లో ఉంచుకోవాలి కదా.

ఈల మోగింది. రైటరు గారు మడమలు ఆనించి నాలుగు పేల్చారు. ఆ నాలుగూ పడ్డాయో లేదో కనిపించే దూరం కాదు. పడ్డాయనే నమ్మారు. ఎడమచేత్తో కళ్ళజోడు మీది కాగితం బిళ్ళను ఊడబెరికారు. ఎడమకన్ను, వారం రోజుల చెరనుంచి వదిలిన దొరలా, వెంటనే పెత్తనం తీసుకుంది. ఎప్పుడూ పేల్చినట్టే, ఏమీ మార్చకుండా, ఆరు పేల్చారు.

పొగ తేలిపోయాక ఆయన పక్కకు చూశారు. డేగ ముఖం మీద కళ్ళజోడుంది. గులాబీరంగు ఫ్రేము, చెవుల దగ్గర చిన్న చిన్న పువ్వులు. తన కళ్ళు మసకబారాయని ఒప్పుకోలేక రెండేళ్ళుగా దాచుకున్న మనిషి, చివరికి భార్య కళ్ళజోడు జేబులో వేసుకొచ్చి, అందరూ ముందుకు చూస్తున్న ఆ క్షణంలో తగిలించుకున్నాడు.

డేగ బొమ్మలో ఈసారి పదిహేను కొత్త బొక్కలున్నాయి.

శిక్షకురాలు రెండుసార్లు లెక్కపెట్టింది. పది తూటాలు పదిహేను బొక్కలు చేసిన సందర్భం ఇంతకుముందు ఎక్కడైనా జరిగిందేమోనని, శాస్త్రీయమైన కుతూహలంతో ఇద్దరినీ అడిగింది. జవాబు రాకపోతే ఎడమ బొమ్మ లెక్క మొత్తం కొట్టేస్తానంది. కొట్టేస్తే డేగ దొడ్డికే. డేగ పువ్వుల కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తల దించుకున్నాడు. నోరు మాత్రం విప్పలేదు. విప్పితే పక్కవాడి కుర్చీకి ముప్పు వస్తుందని అతనికీ తెలుసు.

"ఆరు నావి, మేడమ్," అన్నారు రైటరు గారు. "తెలిసే వేశాను."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. కాగితం బిళ్ళ ఆయన బొటనవేలికి అంటుకునే ఉంది. ఆ తరవాత బొమ్మ దగ్గరకు వంగి, ఎడమ రొమ్ము మీద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్న ఆరు బొక్కల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. "మీరు చెప్పకపోయినా తెలిసేది. ఇది మీ దస్తూరీ. పోయిన వారం కూడా చదివాను," అంది.

అక్కడే తూటాల పెట్టెమీద నియమాల పుస్తకం తెరిచి చూసింది. ఆమె పుటలు తిప్పుతున్నంతసేపూ రైటరు గారికి గాలిలో తుప్పు వాసన తగిలింది. పక్కవాడి బొమ్మలో వేసిన తూటా, వేసినవాడి లెక్కలో తప్పిన తూటాయే అని పుస్తకంలో ఉంది. కావాలని వేస్తే ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు. ఇలాంటి అవసరం ఒకనాడు వస్తుందని పుస్తకం రాసినవాళ్ళకు తోచి ఉండదు. ఆరు తీసేస్తే డేగకు తొమ్మిది, మొదటి ఆరుతో కలిపి పదిహేను. రైటరు గారి బొమ్మలో నాలుగూ పడ్డాయి, మొదటి పదితో కలిపి పద్నాలుగు. ఆమె రెండు పేర్ల ఎదురుగా అర్హులని రాసి సంతకం పెట్టి, వచ్చే ఏడు మీ ఇద్దరి మధ్య నేనే నిలబడి పేలుస్తాను, ధైర్యముంటే అప్పుడు దాటించండి అని చెప్పి పంపేసింది.

తిరుగుప్రయాణంలో రైటరు గారు డేగ మోటారు సైకిలు వెనక కూర్చున్నారు. మాట్లాడకూడదన్న నియమం ఇంకా అమల్లోనే ఉంది కనుక మాట్లాడలేదు. సగం దూరం వచ్చాక డేగే ముందుకు చూస్తూ అన్నాడు. "ఎంతైనా నీకంటే నాకు ఒకటి ఎక్కువే వచ్చింది తమ్ముడూ."

రైటరు గారు ముందున్న వీపు మీద ఒక్కటి చరిచారు. దారి పొడుగునా ఇద్దరూ ఏమీ జరగనట్టే ఉన్నారు.

ఇంట్లో మిషను ఆగింది.

"ఎన్ని?"

"పద్నాలుగు."

"మిగతా ఆరు?"

"పక్కింటికి పోయాయి," అన్నారు ఆయన, బూట్లు విప్పుకుంటూ.

భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది. "పోయాయా, పంపారా?"

ఆయన రెండో బూటు విప్పడంలో చాలా శ్రద్ధ చూపించారు.